పందుల కోసం గన్ను, పైన స్కోపు: ఇరవై వేల బడ్జెట్‌లో అసలు ఏం వస్తుంది?

ఈసారి ల్యాప్‌టాప్ లేదు, ఫోన్ లేదు, ఇయర్‌బడ్స్ లేవు. నా వెనక కనిపిస్తోంది కదా, ఆ కొండ మా కొండపల్లి ఖిల్లా కొండే. దానికి అటువైపంతా రిజర్వు ఫారెస్టు. ఇవాళ్టి టాపిక్ ఆ అడవిలోంచే దిగొచ్చింది. నాలుగు కాళ్ల మీద, రాత్రి పదకొండు దాటాక.

విషయం ఏంటంటే, రెండు నెలల కిందట మా పెదనాన్న ఫోన్ చేశాడు. ఆయనకి జి.కొండూరు నుంచి మైలవరం వెళ్లే దారిలో, గుట్ట కింద మూడెకరాలుంది. ఎకరన్నర మామిడి, మిగతాది మొక్కజొన్న. కండె పాలు పోసుకునే టైములో అడవి పందులు దిగాయి. ఒక్క రాత్రిలో ఆరేడు సాళ్లు పడుకోబెట్టేశాయి. పంది తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ. మర్నాడు పొలం చూస్తే రోలర్ తోలినట్టుంది.

ఆయన అడిగింది ఒకటే. "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు ఏది కొనాలో అందరికీ చెప్తావు కదా. నాకో గన్ను చెప్పు. పైన దుర్భిణీ ఉండాలి. ఇరవై వేలు దాటకూడదు." దాంతోపాటు వాట్సాప్‌లో ఒక వీడియో లింకు. అందులో అమెరికాలో ఒకాయన పికప్ బండి మీద కూర్చుని, రైఫిల్‌కి స్కోపు పెట్టి, మూడొందల గజాల దూరంలో పందిని టప్‌మని పడగొడతాడు. వీడియో పేరు తెలుగులో చెప్పాలంటే 'తక్కువ ధరలో మంచి వర్మింట్ రైఫిల్'.

వర్మింట్ అంటే వాళ్ల భాషలో పంటనీ పశువునీ పాడుచేసే జంతువు. దానికోసం వాళ్లకి ప్రత్యేకంగా రైఫిళ్లున్నాయి, బరువైన బ్యారెల్, చిన్న బుల్లెట్, విపరీతమైన వేగం. మా ఇంజనీరింగ్ బ్యాచ్‌మేట్ ఒకడు టెక్సాస్‌లో ఉన్నాడు. వాణ్ణి అడిగాను. 2019 సెప్టెంబరు నుంచి అక్కడ భూమి యజమాని ఒప్పుకుంటే ఫెరల్ పందిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదట. అక్కడ ఆ పంది మనుషులు తెచ్చి వదిలిన జంతువు. మన పంది మన అడవిది, మనకంటే ముందునుంచీ ఉన్నది. వీడియోలో పందీ, మా పెదనాన్న చేలో పందీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. కానీ చట్టం దృష్టిలో రెండూ వేరు. ఫోన్‌లో అల్గారిథమ్‌కి ఈ తేడా తెలీదు కదా! 'పందులు, పంట' అని వెతికితే టెక్సాస్‌ని తెచ్చి జి.కొండూరులో పడేస్తుంది.

నేను ముందు లైట్ తీసుకున్నాను. "చూస్తాలే పెదనాన్నా" అన్నాను. నాలుగు రోజుల తర్వాత పెద్దమ్మ ఫోన్ చేసి గొంతు తగ్గించి చెప్పింది. ఎవరో నాటు తుపాకీ ఎనిమిది వేలకి ఇప్పిస్తానన్నాడట. అది కుదరకపోతే చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టేద్దామని ఈయన, పక్క చేనాయన అనుకుంటున్నారట. అప్పుడు కూర్చున్నాను సీరియస్‌గా. ఉద్యోగంలో ఉన్నప్పుడు రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ రాసినట్టే రాసుకున్నాను: ఏం కాల్చాలి, ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చు, చట్టం ఒప్పుకుంటుందా.

ముందు ఇరవై వేలకి ఏమొస్తుందో చూద్దాం.

మన దేశంలో లైసెన్సు లేకుండా కొనగలిగేది ఎయిర్ రైఫిల్ ఒక్కటే. అది కూడా అన్నీ కాదు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోరు 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. మజిల్ ఎనర్జీ, అంటే గొట్టం మూతి దగ్గర గుండుకి ఉండే శక్తి, 20 జూల్స్ దాటకూడదు. ఈ రెండిట్లో ఏది దాటినా లైసెన్సు కావాలి. 0.22 ఎయిర్ రైఫిల్ చూసి "ఇదీ గాలితోనే కదా బ్రో" అంటే కుదరదు, అది లైసెన్సు లెక్కలోకి వస్తుంది.

20 జూల్స్ అంటే ఎంత? రెండు కిలోల పంచదార ప్యాకెట్టు మీటరు ఎత్తునుంచి కింద పడితే వచ్చేంత. నిజంగా అంతే, లెక్కేసుకోండి: 2 ఇంటూ 9.8 ఇంటూ 1. లైసెన్సు ఉన్న ఆయుధాలతో పోలిక కావాలంటే, 0.22 లాంగ్ రైఫిల్ తూటాకి ఇంచుమించు 140 జూల్స్. మన ప్రభుత్వ ఫ్యాక్టరీలు తయారుచేసే 0.315 రైఫిల్‌కి రెండు వేలకి పైమాటే. పోలీసుల చేతుల్లో చూసే 0.303 గురించి అడుగుతారు కొందరు. అది ప్రొహిబిటెడ్ బోరు, మామూలు లైసెన్సు మీద మామూలు జనానికి ఇవ్వరు.

ఇప్పుడు ఆన్‌లైన్ డబ్బాల సంగతి. మా ఫ్రెండ్ ఒకడికి ఇబ్రహీంపట్నం దగ్గర వాళ్ల మామిడి తోట ఉంది. వాడు టార్గెట్ కోసమని ఒక ఎయిర్ రైఫిల్ కొన్నాడు. బ్రాండ్ పేరు చెప్పను. డబ్బా మీద '1000 ఎఫ్‌పీఎస్' అని పెద్దక్షరాలతో ఉంది. సెకనుకి వెయ్యి అడుగులు, అంటే 305 మీటర్లు. మామూలు సీసం పెల్లెట్ బరువు 8 గ్రెయిన్లు, అంటే అర గ్రాము కంటే రవ్వంత ఎక్కువ. ఈ రెండూ పెట్టి గుణిస్తే 24 జూల్స్ వస్తుంది. అంటే డబ్బా మీద రాసింది నిజమైతే మావాడు లైసెన్సు లేని ఆయుధం కొన్నట్టు. అబద్ధమైతే వాణ్ణి మోసం చేసినట్టు. మావాడు పాపం రెండోదే కావాలని మొక్కుకున్నాడు.

కొలిచాం. ఫోన్ మైకు చాలు, పేలిన చప్పుడుకీ రేకుకి తగిలిన చప్పుడుకీ మధ్య టైము పట్టుకునే యాప్‌లున్నాయి. రేకు నుంచి చప్పుడు వెనక్కి రావడానికి పట్టే టైము తీసేయాలి, అది మర్చిపోకండి. 20 మీటర్ల దూరంలో పదిసార్లు కాల్చి సగటు తీస్తే సెకనుకి 205 మీటర్లు. దాదాపు 11 జూల్స్. డబ్బా మీద ఉన్నదాంట్లో సగం కూడా లేదు. చట్టపరంగా మావాడు సేఫ్.

ఆ మధ్యాహ్నమే ఇంకో పని చేశాం. పంది మాంసం కొట్టునుంచి తోలూ కొవ్వూ ఉన్న ముక్క ఒకటి తెచ్చి, ప్లైవుడ్‌కి మేకులు కొట్టి, 25 మీటర్ల నుంచి కాల్చాం. నేను గుండు తోలు మీంచి ఎగిరిపోతుందనుకున్నాను. పోలేదు. తోలు దాటింది, కొవ్వులో ఆగింది. దీన్ని చూసి మావాడు "వర్కౌట్ అవుతోంది రా" అన్నాడు. నాకు మాత్రం అక్కడే భయమేసింది. ఎందుకంటే ఇది ఊరపంది తోలు. ఎదిగిన మగ అడవి పందికి భుజాల మీద, పక్కల మీద డాలు లాంటి గట్టి పొర ఉంటుంది, పోట్లాటల్లో కోరలు దిగకుండా. ఈ గుండు దాన్ని చంపలేదు. కానీ గాయం చేయగలదు. అది పుండై, పురుగు పట్టి, ఎన్ని రోజులకో చస్తుంది. ఈలోపు ఆ నొప్పితో పొదలో పడుకున్న పందికి పొద్దున్నే చెంబు పట్టుకెళ్లిన మనిషి ఎదురైతే? అసలు మనుషుల్ని పొడిచేది ఎక్కువగా అలా దెబ్బతిన్న పందీ, పిల్లలున్న పందీ.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు వచ్చేసింది. లైసెన్సు అక్కర్లేని ఏ గన్నూ పందికి పనికిరాదు. ఐదు వేలదీ పనికిరాదు, యాభై వేలదీ పనికిరాదు. వాటి శక్తికి చట్టం పెట్టిన కప్పే అది.

రెండోది చట్టం. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి దాంతో ఏదైనా కొట్టొచ్చు అనుకుంటాం. గన్ను కొనడానికి ఒక చట్టం, 1959 ఆయుధాల చట్టం. జంతువుని కొట్టడానికి ఇంకో చట్టం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. బండికి ఆర్సీ ఉన్నంత మాత్రాన సిగ్నల్ జంప్ చేయొచ్చని కాదు కదా. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. దొంగచాటుగా కొట్టి మాంసం పంచుకునే బ్యాచ్‌లు ఊళ్లల్లో ఉంటాయి, మనకి తెలుసు. ఆ ఫోటో స్టేటస్ పెట్టుకుని దొరికిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్ల తెలివికి ఒక దండం.

మరి రైతు ఏమైపోవాలి? చట్టంలో దారి లేకపోలేదు. అదే వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లో ఉంది. రెండో షెడ్యూలు జంతువు మనిషి ప్రాణానికో, ఆస్తికో ప్రమాదంగా మారితే, దాన్ని వేటాడటానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చు. ఆస్తి అంటే చేలో ఉన్న పంట కూడా అని చట్టమే రాసింది. 2022లో కేరళ ఈ దారినే పంచాయతీల దాకా తెచ్చింది. అక్కడ స్థానిక సంస్థల అధ్యక్షులకి అధికారం ఇచ్చి, లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్ల చేత పందుల్ని కాల్పిస్తున్నారు. ఇంకో దారి 62వ సెక్షన్. కేంద్రం ఒక ప్రాంతంలో, కొంత కాలానికి ఒక జంతువుని 'వర్మిన్' అని ప్రకటిస్తే ఆ ప్రాంతంలో అంతకాలం దానికి రక్షణ ఉండదు. 2015, 16ల్లో బీహార్‌లో నీల్‌గాయికీ అడవి పందికీ, ఉత్తరాఖండ్‌లో పందికీ అలా ప్రకటించారు. బీహార్‌లోని మొకామాలో రెండొందలకి పైగా నీల్‌గాయిల్ని కాల్చినప్పుడు ఆ షూటర్లు వెళ్లింది ఎక్కణ్ణుంచో తెలుసా? మన హైదరాబాద్ నుంచి. అప్పట్లో కేంద్ర మంత్రుల మధ్యే పెద్ద గొడవైంది దానిమీద.

అంటే కాల్చేది రైతు కాదు. లెక్కప్రకారం అనుమతి వచ్చాక, లైసెన్సూ అలవాటూ ఉన్న మనిషి వచ్చి కాలుస్తాడు.

ఇక మూడోది, పెదనాన్నకి అసలు లైసెన్సు వస్తుందా అని వెతికాను. ఇది చదివినప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది. ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో 'పంట రక్షణ' అనే మాట ఉంది! 1959లోనే రాశారు. కానీ ఏ తుపాకీకి? మజిల్ లోడింగ్ గన్‌కి. అంటే గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, గుండ్లు వేసి, ఊచతో దట్టించేది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే స్మూత్‌బోర్ తుపాకీ ఇవ్వొచ్చు. స్మూత్‌బోర్ అంటే గొట్టం లోపల మరలు ఉండవు, నున్నగా ఉంటుంది, మన పాత పన్నెండు బోరు లాగ. దాని మీద స్కోపు పెట్టడం ఎడ్లబండికి స్పాయిలర్ పెట్టినట్టే. నలభై యాభై గజాల లోపల పని దానిది. సో, మా పెదనాన్న అడిగిన 'రైఫిల్ ప్లస్ దుర్భిణీ' అనే కాంబో పంట రక్షణ కింద చట్టం అనుకున్న వస్తువే కాదు.

అప్లై చేయడం గురించి త్వరగా చెప్పేస్తాను. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. ఎన్‌డీఏఎల్-ఏఎల్ఐఎస్ అని కేంద్ర హోం శాఖ పోర్టల్ ఉంది, దాంట్లో ఆన్‌లైన్ దరఖాస్తు. లైసెన్సు ఇచ్చేది కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, లేనిచోట కలెక్టర్. మీ స్టేషన్ నుంచి రిపోర్టు వెళ్తుంది. ఆయుధం వాడటంలో శిక్షణ సర్టిఫికెట్టు కావాలి. వస్తుందన్న గ్యారంటీ లేదు, ఎంత టైము పడుతుందో చెప్పలేం. మొక్కజొన్న మాత్రం అంతవరకు ఆగదు. ఇంకోటి, లైసెన్సు వచ్చినా పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. అది మళ్లీ అటవీ శాఖ దగ్గర వేరే కాగితం.

నాటు తుపాకీ గురించి ఒక్క మాట. లైసెన్సు లేని తుపాకీ దగ్గర పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, ఐదేళ్ల వరకు. తయారుచేసినా అమ్మినా కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. ఇదంతా పెదనాన్నకి చెప్తే "ఎవడు చూస్తాడ్రా" అన్నాడు. అప్పుడు నేను చట్టం వదిలేసి ఇంజనీరింగ్ చెప్పాను. ఆ గొట్టం దేంతో చేస్తారు? ఏ పాత నీళ్ల పైపో, ఏ స్టీరింగ్ రాడ్డో. దాన్ని ఎవరూ ప్రెషర్ టెస్ట్ చేయలేదు. మందు చిటికెడు ఎక్కువైతే పగిలేది పంది తల కాదు, చెంప ఆనించుకున్న మనిషి మొహం. ఈ మాటకి ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు.

సరే, ఇంతసేపు గన్ను వద్దు వద్దంటున్నాడు, వీడు గన్ రివ్యూ అన్నాడు కదా అనుకుంటున్నారేమో. టార్గెట్ కోసం, సరదాకి ఎయిర్ రైఫిల్ కొనాలనుకునేవాళ్లు మీలో ఉన్నారు, కామెంట్లలో ఎప్పణ్ణుంచో అడుగుతున్నారు. తప్పేం లేదు. లండన్ 2012లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది ఇదే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌తోనే, పది మీటర్ల దూరంలో. ఆ పోటీలో స్కోపు కూడా ఉండదు. కాబట్టి కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను.

ఎఫ్‌పీఎస్ చూడొద్దు. అది ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్ లాంటిది, అమ్మడానికి రాసేది. మనకి కావాల్సింది వరసగా ఐదు కాలిస్తే ఐదూ రూపాయి బిళ్ల సైజులో పడటం. అది బ్యారెల్ మీద, ట్రిగ్గర్ మీద, మీ చేతి మీద ఆధారపడుతుంది. మొదటి గన్ను స్ప్రింగుది తీసుకోండి, బ్యారెల్ మడిస్తే స్ప్రింగు బిగిసేది. పంపు అక్కర్లేదు, సిలిండర్ అక్కర్లేదు, ఊళ్లో కూడా రిపేరు అవుతుంది. మన దేశంలోనే ప్రిసిహోల్ లాంటి కంపెనీలు మన లిమిట్‌కి తగ్గట్టే 0.177లో చేస్తున్నాయి. విడిభాగాలు దొరుకుతాయా అనేది ముందు అడగండి, ముఖ్యంగా స్ప్రింగు, పిస్టన్ సీలు. నేను చూసినంతలో పది నుంచి పదిహేను వేల మధ్య పనికొచ్చేవి ఉన్నాయి. ఊరూపేరూ లేని బ్రాండ్ మూడు వేలకి వస్తుంది. దాని ట్రిగ్గర్ నొక్కడానికి రెండు వేళ్లు కావాలి, ఆ బలానికి గన్నే పక్కకి తిరిగిపోతుంది. షాపులో ఐడీ ప్రూఫ్ అడుగుతారు, ఇవ్వండి. బిల్లు దాచుకోండి, దాని మీద బోరు రాసి ఉండాలి.

ఇప్పుడు స్కోపు. ఇక్కడే ఎక్కువమంది డబ్బులు పోగొట్టుకుంటారు. మా ఫ్రెండ్ కూడా.

మామూలు తుపాకీ పేలితే వెనక్కి తంతుంది. స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ముందు వెనక్కి తంతుంది, వెంటనే పిస్టన్ వెళ్లి ఎదర గుద్దుకోగానే ముందుకీ కుదుపుతుంది. రెండు వైపులా దెబ్బ. చాలా స్కోపులు వెనక్కి తన్నడం ఒక్కటే తట్టుకునేలా చేస్తారు. అందుకే ఖరీదైన రైఫిల్ స్కోపు కూడా దీని మీద కొన్నాళ్లకి లోపల గీత తెగిపోయి కూర్చోవచ్చు. డబ్బా మీద 'ఎయిర్‌గన్ రేటెడ్' అని ఉందా చూడండి. అది లేకపోతే ఎంత మంచి కంపెనీదైనా వద్దు.

తర్వాత పారలాక్స్. కన్ను కొంచెం అటూ ఇటూ జరిపితే ప్లస్ గుర్తు టార్గెట్ మీద జరుగుతున్నట్టు కనపడుతుంది, అదే. పెద్ద రైఫిళ్ల స్కోపులు నూరు గజాలకి సెట్ చేసి ఉంటాయి. మనం కాల్చేది పది నుంచి ముప్పై మీటర్లు. కాబట్టి ముందు గాజు దగ్గర తిప్పుకునే రింగు, ఏఓ అంటారు, పది గజాల దాకా దిగేది ఉండాలి. 3-9x40 ఏఓ తీసుకోండి. బడ్జెట్ లేకపోతే సాదా 4x32 ఎయిర్‌గన్ స్కోపు చాలు, నిజంగా చాలు. ఇరవై నాలుగు రెట్లు జూమ్ అనేవి చూసి మోసపోకండి. చేతిలో పట్టుకుంటే అంత జూమ్‌లో మీ గుండె కొట్టుకోవడం తప్ప ఇంకేం కనపడదు.

మౌంటు రెండు ముక్కలది కాకుండా ఒకే ముక్కది, అడుగున స్టాప్ పిన్ ఉన్నది కొనండి. మా ఫ్రెండ్‌ది ముప్పై షాట్లకే వెనక్కి జారింది. వాడు స్కోపే పాడైందనుకుని దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు, అయిదొందల మౌంటుతో పోయింది ప్రాబ్లం. జీరో చేయడం 25 మీటర్లకి చేసుకోండి. ఒక్కో క్లిక్కుకి అక్కడ రెండు మిల్లీమీటర్ల లోపు జరుగుతుంది, కాబట్టి ఓపిక కావాలి. ఆ జీరోతోనే 50 మీటర్లకి కాలిస్తే మా గన్నులో గుండు దాదాపు జానెడు కిందకి పడింది. చేతకాక కాదు, 11 జూల్స్ గుండు అంత దూరం అలాగే వంగి పడుతుంది. వెనక మట్టి గట్టు ఉండాలి. ఈ చిన్న గుండు కూడా పైకి కాలిస్తే రెండు మూడొందల మీటర్లు పోగలదు, కంటికి తగిలితే కన్ను పోతుంది.

పిట్టల్ని కొట్టొద్దు. ఇది రూల్ కోసం మాత్రమే చెప్పట్లేదు. నాకు పన్నెండేళ్లప్పుడు వేసవి సెలవుల్లో మా మావయ్య వాళ్ల ఊళ్లో ఎయిర్ గన్ చేతికిచ్చారు. కరెంటు తీగ మీద గోరింకని కొట్టాను. మొదటి గుండుకే తగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. అది చావలేదు. నూతి పక్కన పడి రెక్క ఈడ్చుకుంటూ తిరుగుతుంటే ఇంకో గోరింక వచ్చి దాని చుట్టూ అరుస్తూనే ఉంది సాయంత్రం దాకా. నేను అన్నం తినలేదు ఆ రాత్రి. చట్టప్రకారం అది కూడా వేటే అని అప్పుడు నాకు తెలీదు, ఇచ్చిన పెద్దవాళ్లకీ తెలీదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో ఎయిర్‌గన్ సరెండర్ అభియాన్ అని మొదలుపెట్టారు, జనం వాళ్లంతట వాళ్లే గన్నులు తెచ్చి ప్రభుత్వానికి అప్పగించారు, వేల సంఖ్యలో. అడవుల్లో పిట్టల కూత తగ్గిపోయిందని. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ నూతి గట్టే గుర్తొచ్చింది.

ఎలుకల మాటేంటని డెల్టా నుంచి చూసేవాళ్లు అడుగుతారు. గుడివాడ, అవనిగడ్డ వైపు వరికి పందికంటే ఎలుకే పెద్ద శత్రువు. ఎలుకకి ఎయిర్ గన్ శక్తి చాలు, ఒప్పుకుంటా. కానీ గట్టు నిండా బొరియలుంటే మీరు రాత్రంతా టార్చి వేసి ఎన్నిటిని కొడతారు? బుట్టలు పెట్టి పట్టే యానాదుల్ని పిలిస్తే వాళ్లు ఒక్క పూటలో పట్టినన్ని మీరు సీజనంతా కాల్చలేరు. లేదా మారుటేరు వరి పరిశోధనా స్థానం వాళ్లు చెప్పే పద్ధతి ఉంది, బొరియల్లోకి పొగ పెట్టడం, లేదా 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమాడయోలోన్ కలిపి పొట్లాలు వేయడం. ఊరంతా ఒకే రోజు చేస్తేనే పని చేస్తుంది, మీ ఒక్క చేలో వేస్తే పక్క చేలోంచి వస్తాయి.

మళ్లీ పెదనాన్న దగ్గరికొద్దాం. నేను వెళ్లేసరికి తీగ చుట్ట కొనేసి ఉంది, లైను మీద కొక్కెం వేయడమే తరువాయి. నేను పక్క చేనాయన్ని కూడా కూర్చోబెట్టి చెప్పాను. ఇంటి కరెంటు 230 వోల్టులు, ఆగకుండా వస్తుంది. కండరం బిగుసుకుపోతుంది, పట్టుకున్నవాడు వదల్లేడు. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చేది ఎవరు? మీరే. సోలార్ ఫెన్సింగ్ పెట్టె వేల వోల్టులు ఇస్తుంది గానీ, సెకనుకి ఒక్కసారి, కన్ను మూసి తెరిచే లోపల అయిపోయే దెబ్బ. పందికి ముట్టె మీద తగిలితే కెవ్వుమని వెనక్కి పోతుంది, మనిషికి తగిలితే బూతులొస్తాయి, అంతే. ఐఎస్ఐ మార్కున్న ఎనర్జైజర్ ఉండాలి, ఇంట్లో కరెంటు నేరుగా దానికి కలపకూడదు.

గన్నుకి పెట్టుకున్న ఇరవై వేలల్లోంచి పెదనాన్న వాటా, పక్క చేనాయన వాటా కలిపి ఒక ఎనర్జైజరు, బ్యాటరీ, చిన్న ప్యానెల్, తీగ కొన్నాం. కర్రలు వాళ్లవే. పందికోసం కింది తీగ జానెడున్నర ఎత్తులోపే ఉండాలి, లేదంటే అది ముట్టెతో ఎత్తుకుని దూరిపోతుంది. గడ్డి తగిలితే కరెంటు నేలకి పోతుంది, వారానికోసారి కోయాలి. ఇది చెప్పినంత ఈజీ కాదు, పెదనాన్న రోజూ నన్ను తిట్టుకుంటూ కోస్తున్నాడు. వచ్చే ఏడు మొక్కజొన్న చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేద్దామని కూడా అనుకుంటున్నాం. రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతే, ఆముదం వాసన పందికి పడదు.

పని చేసిందా అంటే, మూడు వైపులా చేసింది. నాలుగో వైపు వాగు ఉంది, అక్కడ తీగ లాగలేదు, "నీళ్లల్లోంచి ఎక్కడొస్తాయిలే" అని. పది రోజులకి పందులు వాగులో దిగి వచ్చాయి. రెండు సాళ్లు పోయాయి. నాకు ఫోన్ చేసి "ఒరేయ్ ఇంజనీరూ, నీ సాఫ్ట్‌వేర్‌లో బగ్గుంది రా" అన్నాడు. ఆ వైపు మంచె వేసి, టార్చి, పాత డబ్బా పెట్టుకుని పక్క చేనాయన, ఈయన వంతులేసుకుని పడుకున్నారు మిగిలిన ఇరవై రోజులూ. పంట నష్టం ఫోటోలు, తేదీలు, సర్వే నంబరుతో ఊళ్లో పది మంది రైతుల సంతకాలు పెట్టించి అటవీ రేంజి ఆఫీసుకి అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. ఒక్కడు వెళ్లి అడిగితే ఫిర్యాదు, పది మంది కాగితం పెడితే ఫైలు. ఇంకా జవాబు రాలేదు. వచ్చినప్పుడు ఏం రాశారో ఇదే ఛానల్లో చదివి వినిపిస్తాను.

నాటు తుపాకీ అమ్ముతానన్న మనిషి మళ్లీ రాలేదట. ఆ తీగ చుట్ట మాత్రం ఇంకా పెద్దమ్మ వాళ్లింట్లోనే ఉంది. ఆవిడ దాన్ని దండేనికి వాడుతోంది, మొన్న వెళ్తే నా చొక్కా కూడా దానిమీదే ఆరేసింది.

స్కోపుల్లో మీ దగ్గర ఏ మోడల్ ఉందో, ఎన్ని షాట్లకి పోయిందో కామెంట్ చేయండి. పందుల సమస్య ఉన్నవాళ్లు మీ మండలం పేరు రాయండి, లిస్టు చేస్తున్నాను. ఉంటానండి.